పై అంచు లేని బిల్లు

స్కూలు యూనిఫారాలు కుట్టే ఆ కార్ఖానాలో ఆమెను అందరూ మాస్టరమ్మ అంటారు. కటింగ్ మాస్టరంటే మగవాడే అయ్యుండాలని కొత్తగా వచ్చిన ప్రతివాడూ అనుకుంటాడు. మొదటిరోజు మధ్యాహ్నానికల్లా ఆ భ్రమ వదిలిపోతుంది. పొడుగాటి బల్లమీద ఎనభై పొరల గుడ్డ పరిచి, పైపొర మీద సుద్దతో గీసి, ఆ గీత వెంట కరెంటు కత్తిని ఊపిరి బిగబట్టి నడిపించడం ఆమె పని. కత్తి పావంగుళం పక్కకి జరిగితే ఎనభైమంది పిల్లలకి చంకలో చొక్కా పట్టేస్తుంది. పన్నెండేళ్లుగా అదే పని చేస్తున్న మనిషి కంటికి వంకర తప్ప ఇంకేమీ ముందు కనపడదు. గోడమీద క్యాలెండరు కాస్త ఒరిగినా లేచి వెళ్లి సరిచేస్తే గానీ ఆమెకి ముద్ద దిగదు.

అలాంటి మనిషికి కత్తిరించిన కాగితం ఫొటో తీసి పంపాడు మాజీ మొగుడు. ఏం తెలివో!

సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళకి ఫోన్లో ఆ ఫొటో వచ్చింది. కింద అతని రాత. ‘పాపకి కొత్త బ్రేస్ వచ్చేసింది. బిల్లు ఇదిగో. నీ సగం ఇవాళే వేసేయ్. కాలికి అతికినట్టు సరిపోయింది, గ్యారంటీ.’

గ్యారంటీ అన్నది అతని పేరు కాదు గానీ పేరుకన్నా ఎక్కువ. వాషింగ్ మెషిన్ల షోరూములో అమ్మకాల పని. మాట చివర గ్యారంటీ అనకుండా వాక్యం ముగించలేడు. వాన పడదు, గ్యారంటీ. ఈసారి జీతం పెరుగుతుంది, గ్యారంటీ. స్నేహితులూ బంధువులూ ఆ పేరే ఖాయం చేశారు. పెళ్లిచూపుల్లో మాస్టరమ్మతో, “నిన్ను సుఖపెడతాను, గ్యారంటీ,” అన్నాడు. ఆ గ్యారంటీ ఎనిమిదేళ్లకి తీరిపోయింది. విడిపోయి రెండేళ్లయింది.

వాళ్లకి ఒక్కతే కూతురు, తొమ్మిదేళ్లది. పుట్టుకతోనే ఎడమకాలు బలహీనం. నడక నేర్చేటప్పుడు ఆ కాలిమీద బరువు వెయ్యలేక మంచి కాలిమీద గుండ్రంగా తిరిగేది. అది చూసి తాతయ్య బొంగరం అని పిలిచాడు. జాలిపడి పెట్టిన పేరు కాదది, ముద్దుగా పెట్టింది, అందుకే నిలిచింది. మోకాలి కిందనుంచి కాలివేళ్ల దాకా పట్టి ఉంచే ప్లాస్టిక్ బ్రేస్ వేసుకుంటే బొంగరం నడుస్తుంది, మెట్లెక్కుతుంది, కావాలంటే పరిగెత్తుతుంది కూడా. కాలు పెరుగుతుంది, బ్రేస్ పెరగదు కదా. అందుకని ఏడాదికోసారైనా కొత్తది చేయించాలి.

కోర్టు కాగితంలో ఇలా రాసుకున్నారు. పిల్ల వారమంతా తల్లి దగ్గర, శని ఆదివారాలు తండ్రి దగ్గర. కాలికయ్యే ఖర్చు చెరిసగం. బ్రేస్‌లు చేసే వర్క్‌షాపు శనివారం తెరిచి ఉంటుంది గనక తండ్రి తీసుకెళ్లాలి, డబ్బు కట్టాలి, బిల్లు పంపాలి. సగం తల్లి ఇవ్వాలి. ఈ అయిదు నెలల్లో ఇది మూడో బిల్లు. మొదటిది లోపలి మెత్త మార్చినందుకు, రెండోది మడమ దగ్గర కీలు మార్చినందుకు, ఇప్పుడు ఏకంగా కొత్త బ్రేస్‌కి. సగమంటే ఆమె జీతంలో మూడోవంతు పోతుంది. అయినా కూతురి కాలికి కదా అని ఎప్పుడూ ఒక్కమాట అనకుండా వేసేది.

ఇవాళ మాత్రం వేలు ఆగిపోయింది. ఫొటోలో కాగితానికి కింద రెండువేళ్ల ఖాళీ ఉంది. పక్కల చెరో వేలెడు. పైన అసలు ఖాళీయే లేదు, వర్క్‌షాపు పేరు పైనున్న గీతకి ఆనుకుని అంచు తెగిపోయింది. అదీ సాఫుగా కాదు. కత్తెర రెండుచోట్ల ఆగి, మళ్లీ నడిచిన గంట్లు తెలుస్తున్నాయి. మాస్టరమ్మ ఫోను దగ్గరికి పెట్టుకుని, దూరం పెట్టుకుని చూసింది. తర్వాత పాత బిల్లుల ఫొటోలు రెండూ తీసింది. వాటికీ పైన అంచు లేదు. ఇన్నాళ్లూ అంకె ఒక్కటే చూసి డబ్బు వేసిందన్నమాట. ఎవరి మీదా కాదు, ముందు తనమీద తనకే చిర్రెత్తుకొచ్చింది.

సాయంత్రం ఇంటికి రాగానే బొంగరాన్ని మంచం మీద కూర్చోబెట్టింది.

“ఏదే, కొత్త బ్రేస్ చూడనీ.”

“బాగానే ఉందమ్మా,” అంది బొంగరం, అడగని ప్రశ్నకి.

నిన్న సాయంత్రం తండ్రి దిగబెట్టి వెళ్లినప్పుడు బ్రేస్‌కి నీలంరంగు గుడ్డ తొడుగు, దానిమీద తెల్ల చుక్కలు చూసి ముచ్చటగా ఉందనుకుంది, బట్టలుతికే హడావిడిలో దగ్గరికెళ్లి చూడలేదు. ఇప్పుడు తొడుగు పక్కకి జరిపింది. పిక్క చుట్టూ వచ్చే పట్టీ కనపడింది. ఆ పట్టీ చివర పీచులేస్తుంటే రెండు నెలల కిందట ఆమే కుట్టింది. కార్ఖానాలో నిక్కర్లకి వాడే ముదురు దారం, రెండు వరసలు, చివర మూడు ముడులు. ఆ ముడులు ఇంకెవరూ అలా వెయ్యరు. తన చేతిరాతని తాను గుర్తుపట్టనంత గుడ్డిది కాదు మాస్టరమ్మ.

పాత బ్రేస్‌కి కొత్త చొక్కా తొడిగాడు! పట్టీ మార్చాలన్న ఆలోచన కూడా రాలేదు. ఎలా వస్తుంది? ఎనిమిదేళ్లు ఒకే ఇంట్లో ఉండి, తన చొక్కా గుండీలు ఎవరు కుడుతున్నారో ఒక్కసారీ చూసిన పాపాన పోలేదు.

ఈమధ్య బ్రేస్ వేసుకోవడం, విప్పుకోవడం పిల్లే చేసుకుంటోంది. ఇవాళ తల్లి విప్పితే చీలమండ ఎముకమీద నాణెమంత ఎర్రటి మచ్చ. మధ్యలో చర్మం పలచబడి మెరుస్తోంది. దానిమీద వేలు ఆనించగానే పిల్ల కాలు ఒక్కసారి వెనక్కి పోయింది, మొహంలో మాత్రం ఏమీ లేదు.

“నొప్పిగా ఉందా?”

“లేదు. బాగానే ఉంది.”

తొమ్మిదేళ్ల పిల్ల. మామూలుగా చిన్న ముల్లు గుచ్చుకుంటే ఇల్లు పీకి పందిరేసే పిల్ల. మాస్టరమ్మ ఇంకేమీ అడగకుండా మందు రాసి, ఆ రాత్రికి బ్రేస్ వెయ్యకుండా పడుకోబెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం సెలవడిగి వర్క్‌షాపుకి వెళ్లింది. పిల్ల మొదటి బ్రేస్ నుంచీ చేస్తున్న మేస్త్రి అరవై దాటినవాడు. గోడ పొడుగునా ప్లాస్టర్ కాళ్లు వరసగా నిలబెట్టి ఉంటాయి, తెల్లగా, ఒక్కోదానిమీద పెన్సిలుతో రాసిన పేరుతో. మూల పొయ్యిలో ప్లాస్టిక్ రేకు మెత్తబడుతోంది. ఆయన చేతికున్న తెల్లపిండి దులుపుకుంటూ వచ్చి ఫోన్లో ఫొటో చూశాడు.

“రాత నాదే. బిల్లు మాత్రం కాదమ్మా ఇది. అంచనా కాగితం. పైన పెద్దక్షరాలతో అంచనా అని ఉంటుంది, అది కోసేశారు. బిల్లయితే కింద నా ముద్ర ఉండాలి.”

“మరి మెత్తా, కీలూ?”

“మూడుసార్లు వచ్చారు తండ్రీ కూతురూ. మూడుసార్లూ టేపుతో కొలిచి రాసిచ్చాను. వచ్చేవారం అడ్వాన్సు తెస్తానన్నాడాయన. ఏమిటో అంటాడు చూడండి…”

“గ్యారంటీ.”

“ఆ, అదే. అచ్చు తియ్యనేలేదమ్మా నేను. కాలికి ప్లాస్టర్ చుట్టకుండా కొత్త బ్రేస్ ఎక్కణ్నుంచొస్తుంది?” మేస్త్రి గొంతు తగ్గించాడు. “ఇంకోమాట చెప్తా, కంగారుపడకండి. పిల్ల కాలు పొడుగైంది. చిన్న బ్రేస్‌లో మడమ పైకి లేచిపోతోంది. ఇలాగే ఇంకో ఆర్నెల్లు గడిస్తే వెనకనరం బిగుసుకుపోతుంది. అప్పుడు నా చేతుల్లో ఏమీ ఉండదు, ఆపరేషనుకి పోవాల్సిందే. ఇప్పుడైతే నేను సరిచెయ్యగలను. ఈ శనివారమే తీసుకురండి.”

మాస్టరమ్మకి అరికాలిమంట నెత్తికెక్కింది. తిన్న డబ్బు తిన్నాడు, సరే. తనని మోసం చెయ్యడం కొత్తా? కానీ పిల్ల కాలు! వీధిలోకి వచ్చి, నీడలో ఆగి, ఫోన్లో అతని నంబరు తీసి, నోటికొచ్చినవన్నీ మనసులోనే ఒకసారి అనేసుకుంది. విచిత్రం ఏమిటంటే మనసులో తిట్టేటప్పుడు కూడా ‘మీరు’ అనే తిట్టింది. విడాకులు మొగుణ్ని వదిలించాయి గానీ ఆ అలవాటు వదిలించలేదు. ఫోన్ చెయ్యకుండానే సంచిలో పెట్టుకుంది. ఈ కోపంలో నోరు తెరిస్తే అవతలివాడికి పారిపోవడానికి దారి ఇచ్చినట్టవుతుంది.

ఆ సాయంత్రం అక్క వచ్చింది. మాస్టరమ్మ అక్క ఒక లాయరు ఆఫీసులో టైపిస్టు. ఇరవయ్యేళ్లుగా నోటీసులు కొట్టీ కొట్టీ మామూలు మాటలు కూడా నోటీసులాగే మాట్లాడుతుంది. మూడు ఫొటోలూ చూసి, సంగతంతా విని, చీరకొంగు నడుముకి దోపింది.

“రేపు పొద్దున పదింటికల్లా నోటీసు కొడతా. మోసం చేసి డబ్బు గుంజినందుకొకటి, పిల్ల ఆరోగ్యం నిర్లక్ష్యం చేసినందుకొకటి. శని ఆదివారాలు రద్దు చెయ్యమని కోర్టుని అడుగుదాం. కాగితాలన్నీ చేతిలో ఉన్నాయి. జడ్జీ ఒక్క వాయిదాలో తేల్చేస్తాడు. అతగాడికి పిల్ల మొహం చూసే యోగ్యత లేదే!”

మాస్టరమ్మకి ఆ మాట చల్లగా అనిపించిందంటే అబద్ధం కాదు. సరే కొట్టమని చెప్పబోయింది. అప్పుడే తలుపు పక్కన చప్పుడైంది. బొంగరం నిలబడి ఉంది, ఒంటికాలిమీద, గోడ పట్టుకుని. ఎప్పట్నుంచి ఉందో!

“నాన్న దగ్గరికి పంపడం మానేస్తావా?” అంది.

అక్క నాలిక కరుచుకుంది. మాస్టరమ్మ లేచి వెళ్లి పిల్లని ఎత్తుకుంది. తొమ్మిదేళ్ల పిల్లని ఎత్తుకోవడం నడుముకి మంచిది కాదు. అయినా ఎత్తుకుంది.

“ఎవరన్నారే?”

“పెద్దమ్మ అంది కదా. అందుకే నేను చెప్పలేదు. నాన్న చెప్పద్దన్నాడు. వచ్చే నెల చేయిద్దాం, ఈలోపు అమ్మకి తెలిస్తే గొడవవుతుంది, నిన్ను పంపదు అన్నాడు. నాకేం నొప్పి లేదమ్మా. నిజంగా. కొంచెమే ఉంది. బాగానే ఉంది.” అంటూనే ఏడుపందుకుంది. ఆ ఏడుపులో అయిదు నెలలది ఉంది.

మాస్టరమ్మ కూడా ఏడ్చింది. దాచుకోలేదు. ఏడుస్తూనే ఒక సంగతి తేటతెల్లంగా అర్థమైంది ఆమెకి. కాలు నొప్పి ఒక ఎత్తు. ఆ నొప్పి చెబితే నాన్న పోతాడని పిల్ల పళ్లబిగువున ఓర్చుకోవడం ఇంకో ఎత్తు. బ్రేస్ కొత్తది చేయించవచ్చు. ఆ కొత్త బ్రేస్ ఎక్కడైనా కోస్తున్నా ఈ పిల్ల చెప్పకపోతే, ఎంత గొప్ప మేస్త్రి మాత్రం ఏం చెయ్యగలడు? ఇప్పుడు నోటీసు పంపి శని ఆదివారాలు తీసేస్తే, నోరు మూసుకోవడమే మంచిదన్న పాఠం పిల్లకి జన్మంతా ఉండిపోతుంది. నొప్పి ఉన్నచోట నొప్పి ఉందని చెప్పే పిల్ల మళ్లీ ఆమెకి కావాలి.

“అక్కా, నోటీసు ఆపు,” అంది కళ్లు తుడుచుకుని.

“ఆపడమేమిటే! వాడు…”

“వదిలెయ్యమనడంలేదు. టైపు చేసే పని నీకు తప్పదులే. కానీ ఏం టైపు చెయ్యాలో శనివారం చెప్తా.”

అక్క బుగ్గలు ఉబ్బించి కూర్చుంది. కాసేపటికి ఆవిడే లేచి పిల్ల చీలమండకి మందు రాసింది.

శుక్రవారం మాస్టరమ్మ ముందు కార్ఖానా యజమానిని కలిసింది. స్కూళ్లు తెరిచే ముందు పని తడిసి మోపెడవుతుంది, నెలరోజులు ఓవర్‌టైం చేస్తానని, ఆ డబ్బు ముందే ఇమ్మని అడిగింది. ఆయన నసిగాడు. ఆమె కదలకుండా నిలబడింది. ఆమె కదలకుండా నిలబడితే కటింగు బల్ల కూడా ఆగిపోతుందని తెలిసిన మనిషి గనక ఇచ్చాడు. తర్వాత గ్యారంటీకి ఫోన్ చేసింది.

“రేపు మేస్త్రి దగ్గరికి నేనూ వస్తున్నా. పదింటికి.”

“రేపెందుకు? కొత్తది వచ్చేసిందిగా. నువ్వు శ్రమపడకు, నేనున్నాగా. గ్యా…”

“పదింటికి,” అని పెట్టేసింది.

శనివారం అతను పదిహేను నిమిషాలు ముందే వచ్చి వర్క్‌షాపు బయట బెంచీమీద కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన షోరూము చొక్కా, జేబుమీద షోరూము గుర్తు. దగ్గరికెళ్లి చూస్తే ఆ గుర్తుకి ఒకవైపు దారం ఊడి వేలాడుతోంది. మాస్టరమ్మకి వద్దన్నా కనపడింది. మేస్త్రి వచ్చి, “ఏం బొంగరం, కాలికి వెచ్చటి ప్లాస్టర్ చుట్టేద్దామా ఇవాళ?” అంటూ పిల్లని లోపలికి తీసుకెళ్లాడు. తలుపు వేసుకుంది.

మాస్టరమ్మ బెంచీకి ఆ చివర కూర్చుని, మూడు ఫొటోలూ కాగితాలమీద తీయించినవి మధ్యలో పరిచింది. పక్కనే మేస్త్రి దగ్గర తెచ్చిన ఖాళీ అంచనా కాగితం పెట్టింది, పైఅంచుతో సహా.

అతను చూశాడు. “అదీ… ప్రింటులో ఏదో…”

“ప్రింటులో కాదు, కత్తెరలో. కత్తెర గురించి నాతో మాట్లాడకండి. కొత్త బ్రేస్‌కి నేను కుట్టిన పట్టీ ఎలా వచ్చింది?”

చివరికి అతను నిజం చెప్పాడు. షోరూము వాళ్లు ఎనిమిది నెలల కిందట తీసేశారు. ఇప్పుడు పాత వాషింగ్ మెషిన్లు బాగుచేసేవాళ్ల వెంట తిరుగుతున్నాడు, ఏ రోజు డబ్బు ఆ రోజే. తన సగం కట్టలేక బ్రేస్ చేయించలేకపోయాడు. ఉద్యోగం పోయిందని ఆమెకి చెప్పడానికి మొహం చెల్లలేదు. ఆమె పంపిన రెండు సగాలూ అద్దెకి పోయాయి.

“గది వదిలేస్తే పిల్లని పంపరు కదా. కోర్టు కాగితంలో రాశారుగా, పిల్లకి వేరే మంచం ఉన్న ఇల్లుంటేనే అని. దానికోసమే… అది నా దగ్గరికి రాకుండా పోతుందని…”

మాస్టరమ్మ జాలిపడిందా? పడింది, ఒక్క క్షణం. ఆ క్షణాన్ని పక్కకి నెట్టేసింది.

“దొంగపనికి కూడా కూతురి పేరే పెడతారా? మంచం నిలబెట్టుకున్నారు, కాలు వదిలేశారు. ఇంకో ఆర్నెల్లయితే ఆపరేషనట. ఆ మచ్చ చూశారా మీరు? అది మీకోసం నోరు మూసుకుని నడిచింది. తొమ్మిదేళ్ల పిల్ల చేత మీ అబద్ధం మోయించారు.”

ఆపరేషన్ మాట అతనికి తెలియదు. నిజంగా తెలియదు, మొహం పాలిపోవడం చూస్తే తెలుస్తూనే ఉంది. రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు.

“ఇప్పుడేం చేస్తావ్? కోర్టుకెళ్తావా?”

“వెళ్లొచ్చు. అక్క చేతులు దురద పెడుతున్నాయి. కానీ నా మాట వింటే వెళ్లను.” వేళ్లమీద లెక్కపెట్టుకోలేదు, కాగితం చూడలేదు. నాలుగు రోజులుగా గుడ్డ కోస్తూ అనుకున్నవే. “నా సగం ఇకమీద మేస్త్రిగారికే ఇస్తా, మీ చేతికి ఇవ్వను. మీ సగం మీరు నెలనెలా ఎంత వస్తే అంత తెచ్చి ఇక్కడే కట్టండి, ఆయన రాసుకుంటారు. అచ్చు తీసేటప్పుడూ, వేసి చూసేటప్పుడూ ఇద్దరం ఉండాలి. మీరు తీసుకున్నదంతా కాగితం మీద ఒప్పుకుని సంతకం పెట్టండి. అక్క టైపు చేస్తుంది. ఎప్పటికి తీరుస్తారో మీరే చెప్పండి, కానీ ఆ మాట వద్దు.”

“ఏ మాట?”

“మీకు తెలుసు.”

అతను తలూపాడు. “శని ఆదివారాలు?”

“వస్తుంది. ఇదివరకులాగే. అయితే ఒకటి. ఇప్పుడు లోపలికెళ్లి దానికి మీరే చెప్పాలి.”

“ఏమని చెప్పను దానికి?”

“అబద్ధానికి అన్ని మాటలు దొరికాయి, నిజానికి నాలుగు దొరకవా?”

లోపల బొంగరం ఎత్తుబల్ల మీద కూర్చుని ఉంది. ఎడమకాలికి తెల్లటి ప్లాస్టర్ పట్టీలు చుట్టి ఉన్నాయి, మేస్త్రి రెండు చేతులతో మడమ పట్టుకుని గట్టిపడేదాకా కదలనివ్వకుండా కూర్చున్నాడు. తండ్రి వచ్చి ఆ బల్ల ముందు చతికిలబడ్డాడు. మేస్త్రి లేచి వెళ్లడానికి వీల్లేదు గనక తల పక్కకి తిప్పి గోడనున్న కాళ్లని చూస్తూ ఉండిపోయాడు.

“బొంగరం, నేను తప్పు చేశాన్రా. అమ్మ బ్రేస్‌కని పంపిన డబ్బు నేను వాడేసుకున్నా. పైగా నీ చేత దాపించా. అది చెయ్యకూడని పని. నువ్వు చెప్పినందుకు అమ్మ నిన్ను పంపడం మానేది కాదు. ఆ మాట నేను కల్పించా.”

పిల్ల తండ్రిని చూసింది. తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ తల్లిని చూసింది.

“అయితే ఇప్పుడు అమ్మకి చెప్పొచ్చా?”

“అన్నీ చెప్పొచ్చు.”

“అమ్మకి తెలిసిపోయింది నాన్నా. నాలుగు రోజులైంది,” అంది బొంగరం, వాళ్లిద్దరిలో వెనకబడింది తండ్రేనన్నట్టు. మేస్త్రి భుజాలు కదిలాయి, నవ్వు ఆపుకోవడానికి. తండ్రి నవ్వలేకపోయాడు. బల్ల అంచు పట్టుకుని ఏడ్చాడు. పిల్ల వంగి అతని జుట్టు సర్దింది.

కాగితం అక్క టైపు చేసింది, అవసరమైన దానికన్నా రెండు పేజీలు ఎక్కువే. అతను చదివి సంతకం పెట్టాడు. ఆ నెలాఖరుకి మేస్త్రికి కొంచెం డబ్బు తెచ్చి కట్టాడు. చాలా కొంచెం. మేస్త్రి ముద్ర వేసి రసీదిచ్చాడు, దాన్ని అతను ఫొటో తీసి మాస్టరమ్మకి పంపాడు, నాలుగు అంచులతో. ఇంకా ఎన్ని నెలలు కడతాడో, మధ్యలో ఎగ్గొడతాడో ఆమెకి తెలియదు. ఎగ్గొడితే టైపిస్టు ఉండనే ఉంది. పిల్ల కాలు మాత్రం ఇక అతని మాట మీద ఆధారపడి లేదు, అంతవరకు ఊపిరి పీల్చుకుంది.

అచ్చు తీసిన మూడో శనివారం వేసి చూడటానికి రమ్మన్నాడు మేస్త్రి. కొత్త బ్రేస్ తెల్లగా, నున్నగా, పొయ్యి వాసన ఇంకా వదలకుండా ఉంది. పట్టీలు బిగించి పిల్లని నేలమీద దింపాడు. ఇటు బెంచీమీద తల్లి, అటు బెంచీమీద తండ్రి. మధ్యలో గచ్చుమీద గీసిన గీత వెంట బొంగరం నడిచింది. మడమ పూర్తిగా ఆనుతోంది. పోయి, తిరిగి వచ్చింది. చూడముచ్చటగా ఉంది. మాస్టరమ్మకి ఎక్కడా వంకర కనపడలేదు.

“ఎలా ఉందమ్మా?” అన్నాడు మేస్త్రి.

“బాగానే…” అంది బొంగరం. అని ఆగింది.

పిల్ల తండ్రి వైపు చూసింది. అతను ఏదో అనబోయి, పెదవులు బిగించుకుని, చెప్పమన్నట్టు తలూపాడు. తల్లి వైపు చూసింది. మాస్టరమ్మ బెంచీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. నేర్పించకూడదు, అందివ్వకూడదు. ఎనభై పొరల మీద కత్తి నడిపేటప్పుడు కూడా ఆమె అంత ఊపిరి బిగబట్టలేదు.

“బాగాలేదు,” అంది బొంగరం. “ఇక్కడ గుచ్చుకుంటోంది. నొప్పి పుడుతోంది.”

“ఎక్కడ?” మేస్త్రి పెన్సిలు తీసి కింద కూర్చున్నాడు.

“ఇక్కడ, ఎముక మీద. వెనకాల పిక్క దగ్గర కూడా. బొటనవేలు ఇరుగ్గా ఉంది. పట్టీ కూడా బిగుతు.”

మేస్త్రి ఒక్కోచోటా సున్నా చుట్టుకుంటూ పోయాడు. “బాబోయ్, నాలుగా! ఇన్ని వంకలు పెట్టే బేరం నాకు ఎప్పుడూ తగల్లేదే!”

“అయిదు,” అంది బొంగరం గొంతు పెంచి. “మడమ సంగతి ఇంకా చెప్పలేదు.”

మాస్టరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవతలి బెంచీమీద అతను కూడా మొహం తిప్పుకున్నాడు. పిల్ల వాళ్లిద్దరినీ పట్టించుకోలేదు. బల్లెక్కి కూర్చుని, కాలు చాపి, ప్రతి సున్నా సరైన చోట పడిందో లేదో మేస్త్రి చేత మళ్లీ చూపించుకుంటోంది.